అన్న ఆరె పెట్టె

కంబం
12 ఆగస్టు 2024

మేనకోడలు చారులతకు,

బతికి ఉన్న మనిషి చేతులు కట్టేసే హక్కు నీకు ఎవరిచ్చారు?

మర్యాదగానే అడుగుతున్నాను. నాకు వచ్చిన మర్యాద ఇంతే. ఫోనులో అడిగితే "అత్తా, మీటింగులో ఉండాను" అని కట్ చేస్తావు. కాగితాన్ని కట్ చేయలేవు కదా, అందుకే రాస్తున్నాను. మీ నాన్న పట్టాళంలో ఒక ఆంధ్రా స్నేహితుడి దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకొని మొదట నాకూ, తరువాత నీకూ నేర్పాడు. ఈ తమిళనాట మన ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళే కానీ చదివేవాళ్ళు లేరు. ఇంకెవరి కంటనైనా పడుతుందన్న భయం లేదు కాబట్టి దాచుకోకుండా తిడతాను.

నిన్న అన్నూరుకు, మీ నాన్న ఇంటికి ఫోను చేశాను. అన్నే ఎత్తాడు.

"ఏమి చేస్తా ఉండావు అన్నా?"

"సుమ్మా ఉండాను."

"సుమ్మా అంటే?"

"సుమ్మా అంటే సుమ్మానే, ఊరికే. గోడ ఉండాది, నేను ఉండాను. అది నన్ను చూస్తాది, నేను దాన్ని చూస్తాను. ఇంకా ఎవురూ కండ్లు ఆర్పలేదు."

నవ్వుతూనే అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. ఆయన ఆకుపచ్చ రేకు పెట్టె, అందులోని తోలు గుచ్చే ఆరె, తోలుకత్తి, ఇనప పాదం, మైనం పూసిన దారం, అన్నీ నువ్వు కోయంబత్తూరుకు ఎత్తుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేశావట. ఇంట్లో ఒక ఆయాను పెట్టావట. ఆమె అన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెడుతోందట. సియాచిన్ మంచులో నిలబడిన మనిషికి!

మీ నాన్న పట్టాళంలో ఏ పని చేశాడో చుట్టాలందరికీ తెలుసు, ఒక్కరూ నోరు విప్పరు. తుపాకి పని కాదు. బూట్లు, బెల్టులు, జీనులు బాగుచేసే పని. నాయుళ్ళ పిల్లవాడు తోలు ముట్టాడంటే పరువు పోతుందని మా నాయన బతికినన్నాళ్ళూ "మావాడు యుద్ధంలో ఉండాడు" అని మాత్రం చెప్పుకొని తిరిగాడు. అదీ అబద్ధం కాదు. కాలికి బూటు లేనివాడు ఏ యుద్ధం చేస్తాడు? కురుక్షేత్రంలో స్వామి ఏమి చేశాడు? ఆయుధం పట్టనన్నాడు. గుర్రాలను విప్పి, ఒంట్లో గుచ్చుకొన్న ములుకులు పీకి, నీళ్ళు పెట్టి ఒళ్ళు తోమాడు. స్వామీ మీ నాన్నా ఒకే డిపార్టుమెంటు.

భరతుడు పద్నాలుగేళ్ళు సింహాసనం మీద పెట్టింది కిరీటమా? పెరుమాళ్ గుడిలో తీర్థం పుచ్చుకొన్నాక మనం వంగి నెత్తిన పెట్టించుకొనే శఠారి ఏమిటి? స్వామి పాదుకలు కాదా? చెప్పులను నెత్తిన పెట్టుకొనేవాళ్ళం, చెప్పు కుట్టే అన్నను చూసి తల దించుకొంటామా?

మా వదిన, మీ అమ్మ సౌందరం పోయాక ఆయన మంచం దిగలేదు. నీకు గుర్తుంది. లేపింది ఎవరు? నువ్వా? నేనా? నేను చెప్పే పురాణ కథలా? వెంకటేశన్ కాలు. ఆయన యూనిట్లోనే పనిచేసిన మనిషి, సుగర్‌తో వేళ్ళు తీసేశారు, అంగట్లో ఏ చెప్పూ ఆ పాదానికి పట్టలేదు. అన్న అటక మీది పెట్టె దించి, రేకు చూరు కింద కూర్చొని, ఆ పాదానికని ఒక చెప్పు కుట్టాడు. వెంకటేశన్ టీ కొట్టుదాకా నడిచాడు. తరువాత ఇంకో మాజీ సిపాయి వచ్చాడు, మిల్లు ఆడవాళ్ళు వచ్చారు. అప్పుడు అన్న తన బియ్యం తనే కడుక్కొన్నాడు, తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకొన్నాడు, బస్సెక్కి అవినాశి పోయి తోలు తెచ్చుకొన్నాడు. పని మానితే ఈ శరీరం బండి కూడా నడవదని రథం మీద నిలబడి స్వామి చెప్పింది సన్యాసికి కాదమ్మా, సిపాయికి.

వెంకటేశన్ కొత్త జోడు సగంలో ఆగిపోయింది. పెట్టె తిరిగి ఇచ్చెయ్.

కోపంలోనూ నీ మేలు కోరే
అత్త లక్ష్మమ్మాళ్


కోయంబత్తూరు
20 ఆగస్టు 2024

అత్తా,

నమస్కారం. మీ ఉత్తరం ఆఫీసుకు పోయే బస్సులో చదివాను. పక్క సీటావిడ "ఏం పాపా, ఇంటిలో ఎవురికైనా ఒళ్ళు సరిలేదా?" అని అడిగింది. నా ముఖం అట్లా ఉందేమో.

మీకు తెలియనిది ఒకటి చెప్తాను. జూన్‌లో నాన్న ఆరె అరచేతిలో దిగింది. సుగర్ వల్ల ఆయనకు నొప్పి తెలియదు. పాత పంచె చింపి కట్టుకొని పని చేస్తూనే ఉన్నాడు. నేను ఆదివారం పోయేటప్పటికి చెయ్యి ఉబ్బి, చీము పట్టి, వాసన వస్తోంది. ఆసుపత్రిలో చేర్చాను. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే చెయ్యి మాట చెప్పలేమని డాక్టరు అన్నారు. రోజూ డ్రెస్సింగు మార్పించింది నేను. మీకు చెప్తానంటే ఒట్టు పెట్టించుకొన్నాడు. "లచ్చిమికి చెప్పొద్దు కన్నూ, రేపే కతలో పెట్టేస్తాది" అన్నాడు. అదీ నిజమే కదా?

మీరు పురాణం చెప్తారు, జనం చేతులు జోడిస్తారు. చీము తుడిచేటప్పుడు ఎవరూ చేతులు జోడించరు అత్తా.

పరువు సంగతి కూడా దాచను. పోయిన నెల పెళ్ళి మండపంలో, బంతిలో అందరూ వింటుండగా మా మామగారు అడిగారు. "ఏమ్మా, మీ నాయన రోడ్డు పక్కన చెప్పులు కుడతా ఉండాడంటనే! పెన్షను సాలలేదా? మాతో ఒక మాట చెప్పరాదా?" చుట్టూ నవ్వారు. ఆ పూట నాకు అన్నం దిగలేదు. దిగిందని చెప్తే అబద్ధం. కానీ పెట్టె తెచ్చింది అందుకు కాదు. మీరు నమ్మరని తెలుసు.

ఆయనకు ఏ పనీ లేకుండా చేశానంటున్నారు. మాజీ సైనికుల సంఘంలో జెండా ఎగరేయమంటే, శాలువా కప్పించుకొని వచ్చి "పందిరి గుంజకు కప్పినా ఇంతే కదా" అన్నాడు. పెద్దవాళ్ళకు పగటిపూట బొమ్మలకు రంగులు వేయించే చోట చేర్చాను. సాయంకాలం పోయి చూస్తే ఒక్క ఏనుగుకూ రంగు లేదు. రంగు పెన్సిళ్ళన్నీ సూదుల్లా చెక్కి వరసగా పేర్చి ఉన్నాయి. "పిల్లలకు ఉపయోగపడతాయి" అన్నాడు. టీచరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఆయనకు కత్తి ఎవరిచ్చారని అడిగింది.

నాకు తిరుప్పూరులో షిప్‌మెంటు తేదీలు, ఇక్కడ ఇల్లు, మధ్యలో అన్నూరు. నేనూ మనిషినే. మీకంత నమ్మకముంటే ఆయనను కొన్నాళ్ళు కంబం తీసుకుపోండి. మీ అన్నకు మీరే ఒక పని చూపండి. పెట్టె మాత్రం ఇవ్వను.

చారులత


కంబం
23 సెప్టెంబరు 2024

చారులతా,

చెయ్యి సంగతి చదివి ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. నాకు చెప్పి ఉండవలసింది. సరే, అన్నకు ఆ బుద్ధి, నీకు ఆ మొండితనం, రెండూ ఒకే రక్తం.

అన్న ఇక్కడ బాగున్నాడు. పొద్దున లేచి తన పక్క తనే మడుస్తాడు, గళ్ళ దుప్పటి మూలలు కత్తితో కోసినట్టు ఉంటాయి. అరచెయ్యి మానింది. రోజూ నేనే చూస్తున్నాను.

పని చూపమన్నావు కదా, చూపాను. మొదట ద్రాక్ష తోటలో కూలీల మీద పెత్తనానికి పంపాను. మధ్యాహ్నానికే తోటవాడు ఫోను చేశాడు. "అమ్మా, పెద్దాయన పెత్తనం చేయలేదు. కూలోళ్ళ కాళ్ళు చూస్తా ఉండాడు. చెప్పులు విప్పండి, విప్పండి అంటాడు. ఆడోళ్ళు బయపడతా ఉండారు." రెండో పనిగా బడిపిల్లలకు డ్రిల్లు నేర్పమన్నాను. "నాకు డ్రిల్లు రాదు లచ్చిమీ. డ్రిల్లు చేసినోళ్ళ బూట్లు కుట్టేది వచ్చు" అన్నాడు. పోనీ, నా శనివారం కథలో యుద్ధం గురించి నాలుగు మాటలు చెప్పమని మైకు చేతికిచ్చాను. శత్రువు గురించి ఒక్క ముక్క లేదు! మంచులో పాదం ఎట్లా ఉబ్బుతుంది, తడి మేజోడు ఎందుకు ప్రాణం తీస్తుంది, బూటు నాలుక ఎంత మందం ఉండాలి, ఇదే చెప్పాడు. జనం వాచీలు చూసుకొన్నారు. నేను మైకు తీసుకొని ముసలి జటాయువు రావణుడి రథానికి అడ్డం పడిన ఘట్టం ఎత్తుకొని ఎట్లాగో సభ నిలబెట్టాను.

మొన్న శనివారం భజన మందిరం దగ్గర ఒక చిన్న గలాటా అయింది. పెద్దదేమీ కాదు. దాన్ని వదిలెయ్.

అసలు అడగవలసింది ఇది. అన్నూరులో మీ పక్కింటి జెబమలర్ ఫోను చేసింది. అన్న ఇంట్లో మేస్త్రీలు దిగారట, గోడలకు రంగు వేస్తున్నారట, స్నానాల గది పగలగొట్టారట. చారులతా, ఆయన ఇక్కడికి వచ్చిందే అదనుగా ఆ ఇంటిని ఎవరికో బాడుగకు మాట్లాడావా? ఊరు దాటించి కొంప ఖాళీ చేయించడానికా నన్ను తీసుకుపొమ్మన్నావు? కైకేయి కూడా అడవికి పొమ్మని ముఖం మీదే చెప్పింది తల్లీ, చాటుగా సున్నం కొట్టించలేదు!

జవాబు రాయి. సాకులు రాయకు.

లక్ష్మమ్మాళ్


కోయంబత్తూరు
27 సెప్టెంబరు 2024

అత్తా,

సాకులు రాయను. జరిగింది రాస్తాను.

స్నానాల గది నేల జారుతుందని గరుకు రాళ్ళు వేయించాను. గోడకు పట్టుకొనే కడ్డీ పెట్టించాను. రేకు చూరు కింద ఎండ పడకుండా తెర, ఆయన కూర్చొనే ఎత్తుకు ఒక బల్ల, మంచి దీపం. ఇవన్నీ దేనికి? నాన్న తిరిగి వచ్చి అక్కడే ఉంటాడని. మీ మొదటి ఉత్తరం నన్ను తిట్టినా లోపల ఎక్కడో పని చేసింది. కొంచెం కొంచెంగా పెట్టె ఇద్దామనే అనుకొన్నాను. మా ఇంటాయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మామగారి దాకా పోతుందని భయం.

మీరు కైకేయి అన్నారు. సరే.

ఇప్పుడు మీ "చిన్న గలాటా" సంగతి. సత్యప్రియ ఆ సభలోనే ఉందని మరిచిపోయారు. మీ పెదనాన్న మనవరాలే కదా, దాచలేదు. వీడియో కూడా పంపింది.

మీరు లోపల పాదుకా పట్టాభిషేకం చెప్తున్నారు. జనం కళ్ళు తుడుచుకొంటున్నారు. నాన్న మెల్లగా లేచి బయటికి పోయి, వాకిట్లో విడిచిన చెప్పుల కుప్ప మధ్య కూర్చొన్నాడు. తెగిన పట్టీలను, ఊడిన అట్టలను ఏరి, ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకొన్న గోనె సూదితో కుట్టడం మొదలుపెట్టాడు. సత్యప్రియ చెప్పింది, ఆమె చూసిన ఇన్ని రోజుల్లో ఆయన పాట పాడటం అప్పుడే విన్నదట.

కథ ముగిసి జనం బయటికి వచ్చారు. పెద్ద తలకాయ, పైగా మీ అన్న, తమ చెప్పులు పట్టుకొన్నాడని హడలిపోయారు. "అయ్యో, మాకు పాపం చుట్టుకొంటాది సామీ" అని ఒకాయన కాళ్ళ మీద పడ్డాడు. ఒకావిడ కుట్టిన చెప్పులను అక్కడే విసిరేసి వట్టి కాళ్ళతో పోయింది. అప్పుడు మీరు వచ్చారు. ఏమి చేశారు అత్తా? ఆయన చేతిలోని చెప్పు లాగేసి, చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి, అందరి ముందూ ఆయన చేతులు కడిగారు. కడగకుండా మందిరం లోపలికి రానివ్వలేదు.

నాన్న అన్న మాట వీడియోలో స్పష్టంగా ఉంది. "లచ్చిమీ, రాముడి చెప్పయితే నెత్తి మీద, ఊళ్ళో రామసామి చెప్పయితే చెంబు నీళ్ళా?"

ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు.

మా మామగారు బంతిలో అన్నది తప్పే. ఆయనకు శాస్త్రం తెలియదు. మీకు తెలుసు కదా!

ఇక చాలు. మీ వల్లా కాలేదు, నా వల్లా కాలేదు. ఇక్కడ ఊరి పొలిమేరలో ఒక సీనియర్ హోమ్‌లో గది మాట్లాడాను. డాక్టరు ఉంటారు, వేళకు అన్నం పెడతారు. అక్టోబరు రెండు సెలవు. కారులో వచ్చి ఆయనను అక్కడికే తీసుకుపోతాను. ఆయన బట్టలు సర్ది ఉంచండి.

చారులత


కంబం
30 సెప్టెంబరు 2024

అమ్మా చారులతా,

నువ్వు రాసింది ప్రతి అక్షరం నిజం. కడిగాను. చేతిలో చెంబు ఉన్నప్పుడు నాకు ఏ భరతుడూ గుర్తు రాలేదు. జనం చూస్తున్నారన్నదే గుర్తుంది. నీకు పెళ్ళి బంతిలో అన్నం ఎందుకు దిగలేదో నాకు ఆ పసుపునీళ్ళలో తెలిసింది. ఇల్లు బాగుచేయిస్తున్న నిన్ను నానా మాటలూ అన్నాను. దానికి వేరే రోజు నన్ను తిట్టు, ఎదురు చెప్పను. ఈ రోజు సమయం లేదు.

ఎందుకు లేదో చెప్తాను. ఆ శనివారం నుంచి అన్న మారిపోయాడు, పోయిన ఉత్తరంలో బాగున్నాడని రాసి నీకు దాచాను. పక్క మడవడం లేదు. ముందు రోజు దాకా గుండీలు తనే పెట్టుకొన్న మనిషి, ఇప్పుడు చొక్కా తొడుక్కొని చేతులు చాచి నిలబడతాడు, ఎవరో ఒకరు వచ్చి పెట్టేదాకా. కోపం కాదమ్మా, కోపమైతే నాకు సంతోషమే. "చెయ్యి కాళ్ళు నాకు ఎందుకు లచ్చిమీ, మీకే అన్ని ఉండాయి కదా" అన్నాడు, మంచినీళ్ళు అడిగినంత మామూలుగా. నిన్న ముద్ద కలిపి పెడితే నోరు తెరిచాడు. నువ్వు మాట్లాడిన గదిలో అందరూ వేళకు నోరు తెరుస్తారు, వేళకు మూస్తారు. అక్కడ ఆయన చాలా కాలం ఉంటాడు. బతుకుతాడని మాత్రం అనుకోకు.

మొన్న ఇరవై ఎనిమిదో తేదీ శనివారం నేను కథ చెప్పలేదు. మైకు ముందు నిలబడి, పోయిన వారం పాపం చేసింది చెప్పులు ముట్టినవాడు కాదు, ఆ చేతులు కడిగిన నేను అని చెప్పాను. ఒకరిద్దరు లేచి పోయారు. పోనీ. నేను బయటికి వచ్చి చెప్పుల కుప్ప పక్కన కూర్చొని, అన్నను పిలిచి, సూది అందించాను. తీసుకోలేదు.

"నాటకం ఆడొద్దు లచ్చిమీ. నాకు కత కాదు, పని కావాల."

"ఇది పని కాదా అన్నా?"

"వీళ్ళు ఇంకో జత కొనుక్కుంటారు. వెంకటేశన్ ఎక్కడ కొంటాడు?"

ఇంటికి వచ్చి వెంకటేశన్‌కు ఫోను చేశాను. సగంలో ఆగిన జోడు కోసం ఆయన ఇంకా కాచుకొని ఉన్నాడు. పాత చెప్పు అరిగిపోతే గుడ్డపీలికతో పాదానికి కట్టుకొని తిరుగుతున్నాడట, మడమ దగ్గర పుండు మొదలైందట. "హవల్దారు సారుకు చెప్పొద్దమ్మా, వస్తే వస్తారు" అన్నాడు. నేను వెంటనే పోయి చెప్పాను. మంచి పనిలో చాడీ చెప్పడం పాపం కాదు.

చెప్పానో లేదో, అన్న గోడవైపు నుంచి నావైపు తిరిగాడు. "ఏ మడమ?" అన్నాడు.

"ఎడమదంట."

"వాపు ఉండాదా? అయితే కొలత మారి ఉంటాది. పాత కొలతకు కుడితే పుండు పెరుగుతాది." ఆ వెంటనే, "చారు పెట్టె ఇయ్యదు" అన్నాడు. నీ మీద ఫిర్యాదుగా అనలేదమ్మా. ఈ రోజు వాన రాదు అన్నట్టు అన్నాడు.

నీ భయం నిజమైన భయం. దాన్ని సిగ్గు అనుకొని నేను శాస్త్రం విసిరాను. ఇప్పుడు శాస్త్రం కాదు, ఏర్పాటు చెప్తున్నాను, విను. ఎడమ అరచేతికి మందమైన తోలు తొడుగు లేకుండా ఆరె పట్టరాదని అన్నతో అన్నాను. రోజూ సాయంకాలం రెండు చేతులూ జెబమలర్‌కు చూపాలి, ఆమె ఫోటో తీసి నీకు పంపుతుంది. నేను అడిగాను, ఆమె ఒప్పుకొంది. అన్న కొట్లాడతాడని కాచుకొన్నాను. ఆయన తల ఊపాడు. "పట్టాళంలో రోజూ కాళ్ళ ఇన్‌స్పెక్షను ఉండె. బూటు విప్పి చూపకపోతే ఆఫీసరు తిట్టేవాడు. ఇప్పుడు చేతులకు పెట్టుకుందాం. ఆఫీసరు చారు." అని, తన చొక్కా పై గుండీ తనే పెట్టుకొన్నాడు. తప్పు కాజాలో పెట్టాడు. నేను సరిచేయలేదు.

మీ మామగారి దగ్గరికి కూడా నేనే వస్తాను. ఆయన నవ్వితే నవ్వనీ. ఆ నవ్వుకు జవాబు నా దగ్గర ఉంది, దానికి మైకు కూడా అక్కరలేదు.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. ద్రాక్ష లారీ ఈ సాయంకాలం కోయంబత్తూరు మార్కెట్టుకు బయలుదేరుతోంది. డ్రైవరు తెల్లవారగానే నీ గుమ్మంలో ఇస్తాడు. నువ్వు ఇది చదివేటప్పటికి మంగళవారం, నేనూ మీ నాన్నా బస్సులో ఉంటాము. ఇక్కడికి కారు తీసుకొని రావద్దు. ఆయన బట్టల సంచి ఆయనే మోసుకొని బస్సు ఎక్కుతానన్నాడు, నేను అడ్డం పోను. మేము దిగేది నీ ఇంటి దగ్గర కాదు, అన్నూరులో.

మేము దిగేటప్పటికి ఆ పెట్టె నువ్వు చేయించిన బల్ల మీద ఉండాలి. రేపు సెలవు కదా, రేపు చూద్దామనుకోకు. రేపటికి ఆయన నోరు తెరవడం అలవాటు చేసుకొంటాడు, వెంకటేశన్ పుండు ఇంకొంచెం లోతు పోతుంది. హోమ్‌వాళ్ళకు ఫోను చేసి గది వద్దని చెప్పు. ఆఫీసుకు ఫోను చేసి ఈ పూట రానని చెప్పు. షిప్‌మెంటు ఓడ ఒక పూట ఆగుతుంది, మనిషి ఆగడు. పోయే దారిలో వెంకటేశన్‌ను ఎక్కించుకో, కొత్త కొలత ఈ రోజే తీయాలి.

చదివింది చాలు. లే తల్లీ, ఇప్పుడే బీరువా తెరువు.

నీ అత్త
లక్ష్మమ్మాళ్